చెరకుకు వంటచెరకు

మన తెలుగులో పొయ్యిలో పెట్టే కట్టెను వంటచెరకు అంటారు. తోటలో నరికే చెరకు ఒకటి, ఇంట్లో కాల్చే చెరకు మరొకటి. మారిషస్‌లోనైనా, నాటాల్‌లోనైనా, ఫీజీలోనైనా మన పెద్దలు పగలంతా మొదటిదాన్ని దొర కోసం నరికి, పొద్దు వాలిన తర్వాత రెండవదాన్ని తమ కోసం ఏరుకొని, మోపు తలమీద పెట్టుకొని ఇల్లు చేరినవారే. మా నాయనమ్మ చెప్పేది: తోటలో ఇచ్చిన కత్తి తోటదే, అది పోయినా విరిగినా కూలిలో పట్టుకొనేవారట. కట్టెలు కొట్టుకొనే చిన్న గొడ్డలి మాత్రం ఇంటిది. దసరా నాడు ఆ గొడ్డలికే పసుపు రాసి బొట్టు పెట్టేది. తోట కత్తికి పెట్టేది కాదు.

ఆ చిన్న గొడ్డలి సంగతి మేము చాలా ఏళ్ళు మరచిపోయాము. ఇంట్లోకి గ్యాసు వచ్చిన తర్వాత ఎవరికి గుర్తుంటుంది? ఈమధ్య అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలో ఉంటున్న మా మేనల్లుడి ఇంట నెల రోజులు గడపవలసి వచ్చినప్పుడు అది మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. అక్కడ చలి చెప్పనలవికానిది. ఇంట్లో నూనెతో నడిచే కొలిమి ఉన్నా, ముందు గదిలో ఇనుప పొయ్యి పెట్టుకొని కట్టెలు కాల్చుకోవడం ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నది. పెరటిలో మా మేనల్లుడు కోయించి పెట్టిన దుంగలు గుట్టగా పడి ఉన్నవి. "మామయ్యా, మీరు చిన్నప్పుడు కొట్టేవారట గదా" అని గొడ్డలి చేతికి ఇచ్చాడు. చెరకు తోట బిడ్డలము, వెనుకాడితే పరువేమి కావాలి! ఎదురుగా ఉన్న దుంగను నిలబెట్టి శక్తికొద్దీ వేశాము. గొడ్డలి దిగింది. మళ్ళీ బయటికి రాలేదు. అది ఎల్మ్ చెట్టు దుంగ అని, దాని నార ఒకదానిలోకి ఒకటి మెలివేసుకొని ఉంటుందని, దానితో పెట్టుకొనేవాడు ఆ ఊళ్ళో ఎవడూ లేడని అరగంట తర్వాత పక్కింటి ముసలాయన వచ్చి చెప్పాడు. మా ఇంటావిడ కిటికీలోనుంచి చూచి నవ్విన సంగతి ఇక్కడ వ్రాయకపోయినా పాఠకులు ఊహించుకోగలరు.

ఆ ముసలాయన మాకు గురువైనాడు. ఆయన చెప్పిన మొదటి పాఠము ఇది: చెట్టును పడగొట్టే గొడ్డలి వేరు, కట్టెను చీల్చే గొడ్డలి వేరు. పడగొట్టేదానికి పలుచని అంచు కావాలి, అది నారను అడ్డంగా తెంపాలి. చీల్చేదానికి పదును అంతగా అక్కరలేదు. దానికి కావలసింది బుగ్గలు. అంటే అంచునుండి వెనుకకు పోయేకొద్దీ త్వరగా లావయ్యే ఆకారము. అది నారను తెంపదు, రెండు పక్కలకు నెట్టుతుంది. మనం చూచే మామూలు గొడ్డలి ఈ రెండు పనులకూ మధ్యలో ఉన్నది గనుకనే చీల్చేటప్పుడు ఇరుక్కుపోతుంది. అందుకని వారు ఆరు పౌనులో ఎనిమిది పౌనులో తూగే ఒక బరువైన సాధనం వాడుతారు. దాని ఒకవైపు గొడ్డలి, రెండవవైపు సమ్మెట. వారి భాషలో మాల్ అంటారు.

రెండవ పాఠము చూపు. దుంగ కోసిన ముఖం మీద ఎండినకొద్దీ నడిమినుండి అంచుకు సన్నని బీటలు పడతాయి. కట్టె తాను ఎక్కడ చీలదలచుకొన్నదో ముందుగానే గీత గీసి చూపిస్తుంది. ఆ గీత మీదనే వెయ్యాలి. ముడులున్న వైపు పోకూడదు. పెద్ద దుంగైతే నడిమిన కొట్టడం తెలివితక్కువ. అంచులనుండి పెచ్చులు పెచ్చులుగా తీసుకుంటూ లోపలికి పోవాలి. దుంగను ఉత్త నేలమీద పెడితే దెబ్బలో సగం నేల తాగుతుంది, అందుకని కింద మోకాటి ఎత్తుకు మించని మొద్దు ఒకటి ఉండాలి. కాళ్ళు ఎడంగా పెట్టాలి. గొడ్డలి దిగుతున్నప్పుడు మోకాళ్ళు కూడా కొంచెం వంగాలి. అట్లా వంగితే గురి తప్పినా గొడ్డలి మొద్దుకో నేలకో తగులుతుంది, నిటారుగా నిలబడి కొట్టేవాడికి ముంజాళ్ళకు తగులుతుంది. పై చెయ్యి కామ మీద జారుతూ కింది చేతి దగ్గరకు రావాలి. భుజబలం చూపించనక్కరలేదు, బరువును పైకి ఎత్తి దారి చూపితే చాలు, తక్కిన పని అదే చేసుకుంటుంది. ఇంకొక రహస్యం: గడ్డకట్టే చలిలో పచ్చి కట్టె గాజువలె పగులుతుంది. ఎండాకాలంలో పది దెబ్బలు తిన్నది పుష్యమాసంలో రెండు దెబ్బలకు విడిపోతుంది.

మాటవరసకు గొడ్డలి అంటున్నాము గాని, పెద్ద దుంగల విషయంలో అసలు పని చీలలది. ఇనుప చీలలు రెండు మూడు, ఒక సమ్మెట. మొదటి చీలను కొస బీటలో పెట్టి దిగగొడితే బీట పొడుగునా పాకుతుంది. పాకినచోట రెండవ చీల పెడితే మొదటిది వదులై చేతికి వస్తుంది. దాన్ని తీసి ఇంకా ముందు పెట్టాలి. ఇట్లా ఒకదాని ముందు ఒకటి దూకించుకుంటూ పోతే పది పదకొండు అడుగుల దుంగ కూడా రెండు బద్దలవుతుంది. ఇనుము పిరమైన రోజుల్లో డాగ్‌వుడ్ అనే గట్టి చెట్టు కొయ్యను చెక్కి, పొయ్యి పక్కన బాగా ఎండించి, చీలలుగా వాడేవారు. కొయ్య చీలను ఇనుప సమ్మెటతో కొడితే నుజ్జవుతుంది గనుక దానికి కొయ్య సమ్మెటే, తల చుట్టూ ఇనుప కట్లు వేసినది. ఇనుప చీలకు తల పుట్టగొడుగువలె విచ్చుకుంటే వెంటనే ఆకురాయితో రాయాలి. లేకపోతే ఆ అంచులనుండి ముక్కలు ఎగిరి కళ్ళు పోగొడతాయి. గొడ్డలి వెనుక భాగాన్ని సమ్మెటగా వాడరాదు, కామ దూర్చే కన్ను పగులుతుంది.

చీల మాట రాగానే మా చిన్ననాట విన్న పంచతంత్రంలోని కోతి కథ గుర్తుకు వచ్చి ముసలాయనకు చెప్పాము. వడ్రంగులు దూలాన్ని సగం చీల్చి, చీల పెట్టి భోజనానికి పోతే, కోతి ఆ సందులో కూర్చుండి చీలను పెరికి ప్రాణం పోగొట్టుకొన్నది. ఆయన చాలాసేపు నవ్వి, అటువంటి కోతులు తమ ఊరిలో కూడా ఉన్నవని, అయితే వాటికి తోకలు లేవని అన్నాడు.

ఇక చరిత్రలోకి వద్దాము. యూరపునుండి వలస వచ్చినవారు తెచ్చుకొన్న గొడ్డలికి వెనుక బరువు లేదు. ఇనుప పట్టీని వంచి కన్ను చేసి, రెండు కొసలనూ కలిపి ముందు అంచుగా దిద్దినది. బరువంతా ముందే ఉండడంతో చేతిలో ఊగిసలాడేది. అడవిని నరికితే తప్ప అన్నం లేని దేశంలో 18వ శతాబ్దం వచ్చేసరికి కమ్మరులు కన్ను వెనుక ఒక ఇనుప దిమ్మెను కలిపారు. ముందూ వెనుకా బరువు సమమయింది, దెబ్బ నిలకడగా పడింది. ఇదే అమెరికా గొడ్డలి అని తర్వాత లోకమంతా చెప్పుకొన్నది. అంచుకు మాత్రమే ఉక్కు, తక్కినది మెత్తని ఇనుము. కొలిమిలో రెండింటినీ అతికేవారు. కామకు హికరీ కొయ్య, ఎందుకంటే అది వంగుతుంది గాని విరగదు, దెబ్బ అదురును చేతికి రానీయదు. గొడ్డలి కామను కులద్రోహిగా చెప్పే సామెత మనకు ఉన్నది గదా, అడవి పాలిట హికరీ అట్టిదే.

ఒక్కొక్క ఇంటికి ఎన్ని కట్టెలు కావలసివచ్చేవో చెబితే మనవారికి నమ్మశక్యం కాదు. వారి కొలత పేరు కార్డు: నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల పొడవుగా పేర్చిన కట్టెలు, అంటే 128 ఘనపుటడుగులు. పెద్ద నెగళ్ళున్న పాతకాలపు న్యూ ఇంగ్లండు ఇల్లు ఏడాదికి ముప్పై కార్డులకు తక్కువ కాకుండా తినేది. ఆ ఊళ్ళలో మతగురువుకు జీతంతోబాటు ఇన్ని కార్డులని కట్టెలు కూడా ఒప్పందంలో వ్రాసేవారు. పట్టణాల చుట్టూ అడవి తరిగిపోయి కట్టె ధర పెరిగిన తర్వాతనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల మొదట్లో తక్కువ కట్టెతో ఎక్కువ వేడినిచ్చే ఇనుప పొయ్యిని తయారుచేసి, 1744లో దాని గురించి చిన్న పుస్తకం వేశాడు. 1850 ప్రాంతంలో కూడా ఆ దేశం వాడుకొన్న ఇంధనంలో పదింట తొమ్మిది పాళ్ళు కట్టెలే. బొగ్గు కట్టెను దాటిపోయినది 1880లలో మాత్రమే.

మా మేనల్లుడి ఇంటికి కొద్ది దూరంలో ఫార్మింగ్టన్ నది ఒడ్డున కాలిన్స్‌విల్ అనే చిన్న ఊరు ఉన్నది. 1826లో శామ్యూల్ కాలిన్స్, డేవిడ్ కాలిన్స్ అనే అన్నదమ్ములు విలియం వెల్స్ అనే బంధువుతో కలిసి అక్కడ గొడ్డళ్ళ కార్ఖానా పెట్టారు. అంతకు ముందు గొడ్డలి కొన్నవాడు ఇంటికి తీసుకుపోయి గంటల తరబడి సానపట్టుకొని గాని పని మొదలుపెట్టలేకపోయేవాడు. వీరు పదును పెట్టి మరీ అమ్మారు. 1832లో చేరిన ఎలిషా రూట్ అనే యంత్రజ్ఞుడు చేతి సమ్మెట చేసే పనిని అచ్చులకూ యంత్రాలకూ అప్పగించాడు. 1849లో ఆయన వెళ్ళి తుపాకుల కోల్ట్ కార్ఖానాలో చేరాడు, అది వేరే కథ.

అయితే మేము ఆ ఊరు వెళ్ళినది గొడ్డళ్ళ కోసం కాదు. ఆ కార్ఖానా గొడ్డళ్ళతోబాటు చెరకు కత్తులు, మచ్చెట్ కత్తులు కూడా చేసి క్యూబాకు, దక్షిణ అమెరికా దేశాలకు పంపేది. ఒక్కొక్క దేశం అలవాటుకు తగిన ఆకారం. స్పానిష్ మాట్లాడే చాలాచోట్ల కాలిన్స్ అనే పేరే కత్తికి మారుపేరయింది. క్యూబాలో ఆ కత్తులు పట్టినవారిలో ఆఫ్రికా బానిసలున్నారు, 1847నుండి 1874వరకు ఒప్పందం మీద తెచ్చిన చీనా కూలీలున్నారు. మన పెద్దల వంటివారే. కార్ఖానా 1966లో మూతపడింది. ఆ ఊరి చరిత్ర ప్రదర్శనశాలలో ఆ సరుకు ఇప్పటికీ చూడవచ్చును.

అదే ఊళ్ళో ఇంకొక సంగతి జరిగింది. 1857లో జాన్ బ్రౌన్ అనే బానిసత్వ విరోధి అక్కడికి వచ్చి ఉపన్యసించాడు. కార్ఖానా కొలిమి పని చూచే చార్లెస్ బ్లెయిర్ అనేవాడితో, ఆరడుగుల కర్రకు బాకు అమర్చి ఇస్తే ఎంత అవుతుందని అడిగాడు. ఒక్కొక్కటి ఒక డాలరు అని తేలింది. అట్లా సుమారు 950 ఈటెలు తయారయినవి. 1859 అక్టోబరులో హార్పర్స్ ఫెర్రీ మీద పడినప్పుడు బానిసల చేతికి ఇవ్వడానికి బ్రౌన్ దాచుకొన్నవి ఇవే. ప్రయత్నం విఫలమై, డిసెంబరు 2న ఆయనను ఉరితీశారు. దక్షిణాది తోటలకు గొడ్డళ్ళు వెళ్ళే రోజుల్లోనే అదే ఊరినుండి ఆ ఈటెలు కూడా వెళ్ళినవి!

తోటల్లో గొడ్డలి ఎంత పనిచేసిందో మనవారికి ప్రత్యేకంగా చెప్పవలెను. లూయిజియానాలో 1795లో ఎతియెన్ ద బోరే అనే తోట యజమాని చక్కెరను పలుకుగా తీయగలిగినాడు. 1850ల నాటికి అక్కడ వెయ్యికి పైగా చక్కెర మిల్లులు. రసాన్ని వరుసగా పెట్టిన పెద్ద కాగుల్లో కాచి, గరిటెలతో ఒకదానినుండి ఇంకొకదానిలోకి పోస్తూ చిక్కబరచేవారు. కాగుల కింద మంట రాత్రింబగళ్ళు ఆరకూడదు. సుమారు వెయ్యి పౌనులు పట్టే ఒక్క పీపా చక్కెరకు రెండు మూడు కార్డుల కట్టె, పాత పొయ్యిల్లో అంతకు మించి. 1853 పంటలో సుమారు 4,50,000 పీపాలు వచ్చినవి. లెక్క కట్టి చూచుకోండి. ఆ కట్టె అంతా ఎండాకాలంలో చెరకు ఎదుగుతున్న నెలల్లో బానిసలు చిత్తడి అడవుల్లో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి నరికి, చీల్చి, పేర్చినదే. శీతాకాలంలో అదే చేతులు చెరకు నరికేవి. చెరకుకు వంటచెరకు! మన మాట ఇంత నిజమని మాకు అప్పుడు గాని తోచలేదు.

ఆ మంటను తగ్గించినవాడు నార్బర్ట్ రిల్యూ. న్యూ ఆర్లియన్స్‌లో 1806లో స్వతంత్రురాలైన నల్లజాతి తల్లికీ, తెల్ల తండ్రికీ పుట్టి, పారిస్‌లో చదివినవాడు. మొదటి పాత్రలో రసం కాగి వచ్చిన ఆవిరితోనే రెండవ పాత్రను, దాని ఆవిరితో మూడవదాన్ని కాచవచ్చునని, పాత్రలో గాలి ఒత్తిడి తగ్గిస్తే తక్కువ వేడికే రసం మరుగుతుందని చూపించి, 1843లోను 1846లోను పేటెంట్లు పొందాడు. కట్టె ఖర్చు ఎన్నో రెట్లు తగ్గింది, మరిగే రసం గరిటెలతో పోస్తూ ఒళ్ళు కాల్చుకొనే పనీ తప్పింది. తన యంత్రాన్ని కొనుక్కొన్న దొరల బల్ల దగ్గర సమానంగా కూర్చునే హక్కు మాత్రం ఆయనకు లేకపోయింది. ఆయన ఫ్రాన్సుకు తిరిగిపోయి 1894లో అక్కడే చనిపోయాడు. నేడు ప్రపంచంలో ఏ చక్కెర మిల్లు చూచినా, మన ఊళ్ళ మిల్లులు సహా, ఆవిరి పాత్రల వరుస ఆయన సూత్రం మీద నడిచేదే. పొయ్యిలో కట్టెకు బదులు చెరకు పిప్పి వచ్చింది.

మరి మనవారు లూయిజియానాకు ఎందుకు పోలేదు? 1834నుండి మారిషస్‌కు, 1860లో ట్రూరో ఓడ మీద మద్రాసునుండి నాటాల్‌కు, 1903నుండి మద్రాసు రేవు మీదుగా ఫీజీకి పోయిన దారిలో అమెరికా ఎందుకు లేదు? ఆ ప్రశ్న మేము ఎన్నోసార్లు వేసుకొన్నాము. బానిసత్వం రద్దయిన తర్వాత అక్కడి తోట యజమానులు కూడా కూలీల కోసం ఆసియా వైపు చూడకపోలేదు. కొంతమంది చీనావారిని క్యూబానుండి తెచ్చుకొన్నారు కూడా. అయితే 1862 ఫిబ్రవరి 19న అమెరికా ఓడలు చీనా కూలీల వ్యాపారం చేయరాదని చట్టం వచ్చింది. 1885లో విదేశాలనుండి ఒప్పందం మీద కూలీలను తెచ్చుకోవడమే నిషేధమయింది. ఇందులో దయ ఎంత, తమ కూలీల భయమెంత, వర్ణద్వేషమెంత అనేది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. మా అభిప్రాయంలో మూడూ ఉన్నవి.

1862 చట్టం మీద సంతకం పెట్టినవాడు లింకన్. ఆయనకు పేరు తెచ్చినది కూడా చీలా సమ్మెటలే. ఏడేళ్ళ వయసులో ఇండియానా అడవికి వచ్చినప్పుడే చేతికి గొడ్డలి ఇచ్చారు. ఇరవై ఒకటో ఏడు నిండేదాకా కొడుకు సంపాదన తండ్రిదే అన్న నాటి చట్టం ప్రకారం, బయట చేసిన కూలి డబ్బు తండ్రికి పోయింది. 1830లో ఇల్లినాయ్‌లో జాన్ హాంక్స్ అనే బంధువుతో కలిసి కంచె బద్దలు చీల్చాడు. 1860 మే నెలలో డెకేటర్ ఊరి సభలో హాంక్స్ అటువంటి రెండు బద్దలను మోసుకొచ్చేసరికి సభ దద్దరిల్లింది. బద్దలు చీల్చినవాడే అధ్యక్షుడు కావాలన్నారు. ఇవి నేను చీల్చినవో కావో చెప్పలేనుగాని, వీటికన్న మంచివి చాలా చీల్చానన్న భావం వచ్చేట్లు లింకన్ జవాబిచ్చాడు. పనివాడి మాట!

గొడ్డలి చేసినవారి బాధ ఇంకొకటి ఉన్నది. ఇసుకరాతి సాన మీద గొడ్డళ్ళు అరగదీసేవారి ఊపిరితిత్తుల్లో ఆ రాతి దుమ్ము పేరుకొని, క్షయ పట్టి చనిపోయేవారు. 1920 ప్రాంతంలో ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు కనెక్టికట్‌లోని ఒక గొడ్డళ్ళ కార్ఖానాలో పరిశోధించి, సానపట్టేవారికి ఆ జబ్బు తక్కినవారికన్న ఎన్నో రెట్లు ఎక్కువని తేల్చారు. ఆ పనిలో ఎక్కువగా ఉన్నవారు వలస వచ్చిన కూలీలు. పదునుగా తయారై వచ్చిన గొడ్డలి కొన్న రైతుకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

తర్వాత రంపపు యంత్రాలు వచ్చినవి, బొగ్గు, నూనె వచ్చినవి, గొడ్డలి మూలపడింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు నూనె ఆపగానే న్యూ ఇంగ్లండువారు మళ్ళీ తాతల పొయ్యిలు బయటికి తీశారు. 1965 చట్టం తర్వాత వచ్చిన మన ఆంధ్ర డాక్టర్లూ ఇంజనీర్లూ కొందరు మాల్ పట్టడం నేర్చుకొన్నది ఆ రోజుల్లోనే. పొగ ఎక్కువై 1988లో పొయ్యిలకు ప్రభుత్వం నిబంధనలు పెట్టింది. ఈనాడు నూనె ఒత్తిడితో పనిచేసే చీల్చే యంత్రాలున్నవి. మా ముసలాయనకు అవంటే గిట్టదు. చేతితో చీల్చడానికి అన్నిటికన్న సులువైన యాష్ చెట్టును 2002లో మిషిగన్‌లో కనిపించిన ఒక ఆకుపచ్చ పురుగు కోట్లకొద్దీ చంపివేసింది. పురుగు పాకకుండా ఉండడానికి కట్టెలను ఒక ప్రాంతంనుండి ఇంకొక ప్రాంతానికి తీసుకుపోరాదని అక్కడ బోర్డులు పెట్టి ఉంటారు. కట్టెల మోపుకు కూడా సరిహద్దు వచ్చింది.

ప్రదర్శనశాలలో గాజు వెనుక కత్తుల వరుస ముందు మేము చాలాసేపు నిలబడ్డాము. వాటిలో వెడల్పాటి ఆకు, వెనుకవైపు చిన్న కొక్కెం ఉన్నది ఒకటి. ఆ కొక్కెం దేనికని మా మేనల్లుడు అడిగాడు. వాడు పుట్టింది తోటకు దూరంగా. చెరకు గడకున్న ఆకు దులపడానికని, ముందు అడుగున నరికి, తిప్పి కొక్కెంతో ఆకు తీసి, తల కొట్టి, పక్కకు వెయ్యాలని చేతితో చేసి చూపించాము. చూపిస్తూ ఉండగా మా ఇంటావిడ మా మణికట్టు పట్టుకొని, "మీ నాన్నగారి చెయ్యి సరిగ్గా ఇట్లాగే తిరిగేది" అన్నది. ఇల్లు చేరేసరికి మంచు మొదలయింది. ఎల్మ్ దుంగలో మా గొడ్డలి అట్లాగే ఉన్నది. ముసలాయన రెండు చీలలు, సమ్మెట తెచ్చి గడప దగ్గర పెట్టి పోయాడు.